అడ్డు రాని కార్తీకం

నేను అన్నం మానేసిన రోజున నాన్న నా కంచం వైపు చూసి, "అన్నం వద్దనే తెలుగుదాన్ని ఇదే చూడటం" అన్నారు. ఢిల్లీ సరోజినీ నగర్‌లో గవర్నమెంటు క్వార్టరు మాది. నేను కాలేజీ రెండో ఏడు. ఎనిమిది వందల మీటర్ల పరుగులో ఢిల్లీ జట్టుకి ఎంపిక కావాలి. ఇరవై ఏళ్ళ లోపు వాళ్ళ పోటీల్లో నాకదే ఆఖరి ఏడాది. అంతకు మించి ఈ లోకంలో నాకేమీ అక్కర్లేదు.

"హల్కీ రహోగీ తో తేజ్ భాగోగీ" అన్నారు కోచ్ సర్. తేలిగ్గా ఉంటే వేగం వస్తుందని. ఆయన గోరంత చెబితే నేను కొండంత చేశాను. ముందు అన్నం పోయింది, తరవాత రొట్టె, ఆ తరవాత అరటిపండు. గుడ్డు తెల్లసొన, పనీర్, కీరా ముక్కలు మిగిలాయి. పొద్దున్నే ఖాళీ కడుపుతో స్టేడియంలో పరుగు. మొదట్లో నిజంగానే వేగం పెరిగింది. లంఖణం పరమౌషధం అని కనబడ్డవాళ్ళందరికీ చెప్పుకు తిరిగాను.

ఆ కార్తీకం నెలంతా పొద్దున్నే దీపం నేనే పెట్టాను. మా ఇంట్లో నెలసరి రోజుల్లో దేవుడి దగ్గరికి వెళ్ళం, అందుకే ఏ ఏడూ నాకు కార్తీకం పూర్తిగా దక్కేది కాదు. ఈసారి ఒక్కరోజు కూడా అడ్డు రాలేదు. అమ్మ మురిసిపోయింది. "శివయ్య చల్లగా చూస్తున్నాడే నిన్ను. సెలక్షనూ అయిపోద్ది చూడు" అంది. నాకూ హాయిగానే ఉంది, ప్రాక్టీసు చెడటం లేదు కదా. తరవాతి నెలలూ అలాగే గడిచాయి. ఇద్దరం దాన్ని దయే అనుకున్నాం.

ట్రయల్స్ దగ్గర పడ్డాక ఒక పొద్దున, మలుపు తిరుగుతుంటే మోకాలి కింద పుటుక్కుమంది. స్కానింగులో ఎముకకి సన్నటి పగులు కనిపించింది. డాక్టరమ్మ ముందుగా కాలు గురించి కాదు, నెలసరి గురించి అడిగింది. నేను అమ్మ వైపు చూశాను. అమ్మ నేల వైపు చూసింది.

ఆవిడ హిందీలో నెమ్మదిగా చెప్పింది. అంత పరుగుకి తగ్గ పిండిపదార్థం అందకపోతే ఒళ్ళు కరువొచ్చిందనుకుంటుందట. ఆపదలో పెరిగే హార్మోన్ పెరుగుతుంది, నెలసరిని నడిపేది తగ్గిపోతుంది. ఎముకని కాపాడేది ఆ రెండోదే. అదే కడుపునిండా తిని పరిగెత్తుంటే ఎముక గట్టిపడేదట.

ఆటోలో అమ్మ, "ఆకలేస్తే చెప్పాలి కదే" అంది.

"వేసేది కాదమ్మా" అన్నాను. అది నిజమే. అమ్మ ఇల్లు చేరేదాకా ఏడుస్తూనే ఉంది.

ట్రయల్స్ రోజున కర్ర పట్టుకుని వెళ్ళాను, చూడటానికి. ప్రాక్టీసులో రోజూ నా వెనకే వచ్చే అమ్మాయి ఎంపికైంది. నాకు కుళ్ళు పుట్టింది, దాచడమెందుకు. తను నేరుగా వచ్చి నా పక్కన మెట్ల మీద కూర్చుని, టిఫిన్ డబ్బా తెరిచి, ఆలూ పరాఠా సగం తుంచి నా చేతిలో పెట్టింది.

"అగ్లే సాల్ తూ" అంది. వచ్చే ఏడాది నువ్వేనని.

నాకు వచ్చే ఏడాది లేదన్న సంగతి ఆ సంతోషంలో తను మరిచిపోయింది. నేను ఔనని తలూపి ముక్క నోట్లో పెట్టుకున్నాను. ఎంత రుచిగా ఉందంటే, నాకు ఏడుపు ఆగలేదు.