ఎదురు డబ్బాలో కరుణమ్మ

1992 డిసెంబరు. ఖరగ్‌పూర్‌లో ఇందా అనే పేట దాటాక ఉన్న ఒక చిన్న అమ్యూజ్‌మెంట్ పార్కులో నేను జెయింట్ వీల్ ఆపరేటర్‌ని. వయసు ఇరవై ఒకటి. రైల్వే టౌనులో పుట్టినవాడు రైల్వేలో చేరాలి, లేదా ఎందుకు చేరలేదో జీవితాంతం చెప్పుకోవాలి. పరీక్ష రెండుసార్లు తప్పి నేను రెండో దారి పట్టాను. మా నాన్న వర్క్‌షాపులో ఫిట్టరు. నా ఉద్యోగం గురించి ఎవరైనా అడిగితే, "మావోడూ సక్రాల మీదే పన్జేస్తన్నాడు" అనేవాడు. అబద్ధం కాదు.

జెయింట్ వీలు కాక ఆ పార్కులో గుర్రాల మెర్రీగోరౌండు, ఒక టాయ్ ట్రైను ఉండేవి. గుర్రాల్లో ఒకదానికి చెవి లేదు. పిల్లలు దానికోసమే కొట్టుకునేవాళ్లు. టాయ్ ట్రైను ఎక్కేవాళ్లంతా రైల్వేవాళ్లే కాబట్టి, పచ్చజెండా ఊపకుండా బండి కదిపితే ఊరుకునేవాళ్లు కాదు. చివరికి జెండా కొన్నాం.

జెయింట్ వీలు తిప్పడమంటే స్విచ్చి వేయడమే అనుకుంటారు జనం. అసలు పని లోడింగు. మా వీలుకి పన్నెండు డబ్బాలు. ఒక డబ్బాలో మనుషులు ఎక్కితే, దానికి సరిగ్గా ఎదురుగా ఉన్న డబ్బాలోనూ ఇంచుమించు అంతే బరువు ఉండాలి. దాన్ని బ్యాలెన్స్ అంటాం. ఒకవైపే బరువుంటే, బ్రేకు మీద నెమ్మదిగా సగం చుట్టు లేపగలం గానీ పూర్తిగా తిప్పలేం. మోటారు బెల్టు జారిపోతుంది. ఆరు నెలలు ఈ పని చేస్తే, మనిషి గేటులోకి రాగానే కిలోలు కనబడతాయి. పెళ్లిచూపుల్లో మాత్రం బయటపెట్టకూడని విద్య.

ఒకరోజు బూడిదరంగు శాలువా కప్పుకున్న ముసలావిడ ఒంటరిగా వచ్చి వీలు దగ్గర నిలబడింది.

"ఏటి బాబూ, ఒక్క ఇంటోళ్లే వొస్తే ఇది తిరగదా?"

"తిరగదమ్మా. ఎదరపక్క కూడా మనుసులుండాలి."

"ఒకపక్క నలుగురు, ఇంకోపక్క ఇద్దరైతే?"

"ఆ ఇద్దరి దగ్గర ఇంకొకల్ని కూకోబెడతాం."

"మరి ఆ బస్తాలేటి?"

"ఇసక. మనుసులు సాలకపోతే అవేస్తాం."

"ఎన్నున్నాయి?"

"రెండే."

బస్తాలకేసి కాసేపు చూసి, టికెట్టు కొనకుండా వెళ్లిపోయింది. పొద్దుపోక వచ్చిందనుకున్నాను.

తర్వాతి గురువారం ఆవిడే మళ్లీ వచ్చింది. స్కూళ్లకు పరీక్షలు, పార్కు ఖాళీ. ఈసారి వెంట కొడుకు, కోడలు, ఇద్దరు చిన్నపిల్లలు. కొడుకుని చూశాక ఆవిడెవరో తెలిసింది. గోల్‌బజార్‌లో టైలరు దానియేలు. ఆవిడ వాళ్లమ్మ, కరుణమ్మ.

వాళ్ల కథ ఊళ్లో తెలుగువాళ్లందరికీ తెలుసు. తండ్రి రైల్వే సర్వీసులో ఉండగానే పోయాడు. అలాంటప్పుడు ఇంట్లో ఒకరికి ఉద్యోగం ఇస్తారు. ఎవరికివ్వాలో భార్య సంతకం పెట్టి చెప్పాలి. పెద్దాడి చేతిలో కుట్టుపని ఉంది కదా అని కరుణమ్మ చిన్నాడు శామ్యూల్‌కి పెట్టింది. దానియేలు తల్లిని తన దగ్గరే ఉంచుకున్నాడు, ఒక షరతు మీద: "ఆడి గుమ్మం తొక్కినావంటే నా గుమ్మం తొక్కొద్దు." నాలుగేళ్లుగా ఆవిడ చిన్నకొడుకుని చర్చి వరండాలో దూరం నుంచి చూస్తోంది. ప్రార్థనలో కళ్లు మూసుకోమంటారు కాబట్టి అదీ సగమే.

"మీరెక్కండి, నాకు కాళ్లు లాగేస్తన్నాయి" అంటూ కరుణమ్మ వెళ్లి స్తంభం పక్కన కూర్చుంది. సరిగ్గా ఇసుక బస్తాల మీద. శాలువా తీసి చుట్టూ పరుచుకుంది కూడా.

ఎదురు బరువుకి ఎవరో ఒకరు రాకపోతారా అని నలుగురినీ ఎక్కించి పైకి లేపాను. వాళ్ల డబ్బా శిఖరానికి చేరగానే, ఝాల్‌మురీ అమ్మే మరమరాల బండి వెనకనుంచి ఒక కుర్రజంట వచ్చింది. శామ్యూల్, అతని భార్య. ముందే కబురందినట్టు, వచ్చి తిన్నగా కింది డబ్బాలో కూర్చున్నారు.

పైనుంచి కేక. "ఈడేటి ఇక్కడ? నన్ను దించరా!"

"ఎదర బరువు సాలట్లేదన్నా" అన్నాను. నిజమే. బస్తాల కోసం తిరిగాను. కరుణమ్మ నాకేసి చూసింది. అది బతిమాలే చూపు కాదు, లైన్ క్లియర్ ఇచ్చే స్టేషను మాస్టరు చూపు. పెద్దావిడని లేపడం బాగోదని ఊరుకున్నాను. అంతకుమించి నాలో గొప్ప ఉద్దేశాలేం లేవు.

"ఇంకొకలు కూకోవాలి" అన్నాను, గాలితో అన్నట్టు.

"నాను కూకుంటాన్లే" అని లేచింది. శాలువా బస్తాల మీదే వదిలేసింది.

"అమ్మా! ఆడి గుమ్మం తొక్కనన్నావు!" అని పైనుంచి అరిచాడు దానియేలు.

ఆవిడ డబ్బాలో కాలు పెట్టి, తల పైకెత్తి చెప్పింది. "దీనికి గుమ్మమేదిరా? గొలుసుంది గాని."

గొలుసు తగిలించి మోటారు వేశాను.

మామూలుగా ఆరు చుట్లు. దానియేలు కిందికి వచ్చినప్పుడల్లా ఒక ముక్క అరిచేవాడు. మొదటి చుట్టులో "ఆపు!" రెండో చుట్టులో "సెప్పినాను గదా!" మోటారు చప్పుడులో నాకు వినబడలేదు. తర్వాత పిల్లలు "నాన్నా, మన సర్చి! నాన్నా, బండి!" అని కేరింతలు కొడుతుంటే ఆయనా ఊరుకున్నాడు. ఎదురు డబ్బా దగ్గరికొచ్చినప్పుడల్లా ఇంకో సంభాషణ ముక్కలుముక్కలుగా వినబడేది. ఒక చుట్టులో "సిక్కిపోయినావేటిరా." మరో చుట్టులో "ఆ సంతకం నాను ఎట్టినాను, నువ్వు కాదు గదా." ఇంకో చుట్టులో ఆవిడ అతని చెయ్యి పట్టుకుని ఉంది. భయం వల్లే అయ్యుంటుంది, మా వీలు కొంచెం కీచుమనేది.

పన్నెండు చుట్లు తిప్పాను. లెక్క తప్పింది. పరీక్షలు ఊరికే తప్పలేదు కదా.

ముందు దానియేలు కుటుంబాన్ని దించాను. ఆయన నన్ను కొడతాడని రెండడుగులు వెనక్కి వేశాను. కొట్టలేదు. ఎదురు డబ్బా కిందికి వస్తుంటే వీలు అంచు చేత్తో పట్టుకుని నిలబడ్డాడు.

"పట్టుకోనక్కర్లేదన్నా, బ్రేకుంది."

"నీ బ్రేకు నువ్వు సూసుకో. పైన మా యమ్ముంది."

డబ్బా ఆగింది. గొలుసు ఆయనే తీశాడు. తల్లిని దించాడు. వెనకాల తమ్ముడు దిగాడు. ఇద్దరూ ఎదురెదురుగా నిలబడ్డారు. ఇప్పుడు కన్నీళ్లు, కౌగిలింతలు ఉంటాయని నేనూ, ఝాల్‌మురీవాడూ ఎదురుచూశాం. దానియేలు తమ్ముణ్ణి కింద నుంచి పైదాకా చూసి, "ఆ సొక్కా ఎవుడు కుట్టినాడ్రా? కాలరు వొంకర" అన్నాడు.

"నువ్వైతే కుట్టనేదు గదన్నా."

దానియేలు కాసేపు ఆ కాలరుకేసే చూశాడు. "క్రిస్మస్‌కి గుడ్డ అట్టుకురా. కొలతలు మారుంటాయి."

కరుణమ్మ బస్తాల మీది శాలువా తీసి, ఇసుక దులిపి కప్పుకుంది. వెళ్తూ వెళ్తూ నాతో, "బాగా తిప్పినావు బాబూ" అంది. అంతే. బక్షీసు కూడా లేదు.

ఆ జెయింట్ వీలుని తర్వాత ఎవరికో అమ్మేశారు. ఆ స్థలంలో ఇప్పుడు డాషింగ్ కార్లు. అవి చూసేది నేనే. జనం గుద్దుకోవడానికే టికెట్టు కొంటారు, బ్యాలెన్స్ అక్కర్లేదు. డిసెంబరు ఎండలో అప్పుడప్పుడు ఆ కీచు శబ్దం గుర్తొస్తుంది. గ్రీజు పెట్టి ఉండాల్సింది, పెట్టనందుకు బాధేం లేదు.

బరువులు చూడటం నా ఉద్యోగమే నేర్పింది. ఎవరు ఎటు కూర్చోవాలో కిలోలను బట్టి తేలదని మాత్రం ఆ రోజే తెలిసింది. ఆ తర్వాత ఆ జెయింట్ వీలు ఉన్నన్నాళ్లూ, మోటారు వేసే ముందు బస్తాల మీద ఎవరైనా కూర్చున్నారేమో చూసేవాణ్ణి. కూర్చుంటే లేవమనేవాణ్ణి కాదు.