ఏనుగు వంతు

మా ఊరి మఠానికి ఏనుగు లేదు. ఏనుగు వంతు మాత్రం ఉండేది. వర్ని వైపు నుంచి బోధన్ ఫ్యాక్టరీకి పోయే ప్రతి చెరుకు బండీ మఠం ముందు ఆగి, ఒక గడ తీసి అరుగు మీద పెట్టి పోవాలి. ఆ గడలు తినేది మేము, అంటే అక్కడ కాపు కాసే పిల్లలం. అందరిలోకీ ఆకలి నాకే ఎక్కువ, నోరూ నాకే ఎక్కువ.

ఎప్పుడో ఒక సంస్థానం రాజు ఈ మఠం గురువు దగ్గర ఉపదేశం పొంది, ఆ సంతోషంలో భూములూ, పల్లకీ, వాటితో పాటు ఒక ఏనుగునూ ఇచ్చాడట. దీన్నెట్లా సాకాలని గురువు అడిగితే, దారిన పోయే ప్రతి చెరుకు బండీ ఒక గడ ఇవ్వాలని ఆజ్ఞ వేశాడట. అప్పుడు ఫ్యాక్టరీ ఎక్కడిది, బండ్లు బెల్లం గానుగలకు పోయేవి. మా అవ్వ చిన్నప్పుడే ఆ ఏనుగు చచ్చిపోయింది. తర్వాత రాజు పోయాడు, రాజ్యమూ పోయింది. గడ మాత్రం ఆగలేదు. ముందు మానేసినవాడికి పాపం తగులుతుందని భయపడి ఎవరికి వారు ఇస్తూనే వచ్చారు. అవ్వ బీడీలు చుడుతూ, "ఏనుగు బతికినా వెయ్యే, సచ్చినా వెయ్యే అంటరు గందుకే" అని నవ్వేది.

నేను బడికి పోయే రోజుల్లో, చెరుకు కొట్టే కాలంలోనే పిడుగులాంటి వార్త వచ్చింది. రాజుగారి మనవడు మఠానికి మళ్ళీ ఏనుగును పంపుతున్నాడట. మేపలేక, తాత పేరు చెప్పి ఇక్కడికి తోలుతున్నాడని పెద్దలు గుసగుసలాడారు. ఊరంతా సంబరం. నాకు మాత్రం ఒళ్ళు మండిపోయింది. సరాసరి మఠం స్వామి దగ్గరికి పోయి మా గడల సంగతేమిటని అడిగాను. ఏనుగు వచ్చాక గడలు ఏనుగువేనని ఆయన నవ్వేశారు.

వచ్చింది. అబ్బ, దాన్ని చూసిన క్షణాన నా కోపం ఎటు పోయిందో! చేటలంత చెవులు, మెడ మీద మరాఠీలో పాడుకుంటున్న మావటి, ముందు డప్పులు, వెనక మేము. మఠం ముందు అది తొండం చాచి నా నెత్తిన ఫూమని ఊదింది. సంతోషంతో అరిచి అరిచి గొంతు పోయింది. ఆ తర్వాత అవ్వ ఎంత తిట్టినా తలకు నీళ్ళు పోసుకోలేదు.

అయితే ఒక్క గడతో సరిపెట్టుకోవాలని ఆ ఏనుగుకు ఎవరు చెప్పాలి? మొదటి బండి ఆగగానే మోపు మోపే లాగేసింది. దాన్ని చూసి రెండో బండి ఎడ్లు బెదిరి కాల్వలోకి దిగాయి. మర్నాటి నుంచి బండ్లన్నీ ఊరి బయటే మలుపు తిరిగి కాల్వకట్ట మీదుగా పోవడం మొదలుపెట్టాయి. అరుగు బోసిపోయింది. ఏనుగు మఠం అరటితోట మేసేసి, ఊళ్ళోని గడ్డివాముల మీద పడింది.

స్వామి పెద్దమనుషులను పిలిచి, "ఏనుగు లేనన్ని దినాలు రాజు మాట నడిచింది. ఏనుగు వచ్చినంక ఆగింది. గిదేం వరమయ్యా?" అన్నారు. దాన్ని గోదావరి అవతల ఒక పెద్ద గుడికి పంపించేశారు. మేమంతా పొలిమేర దాకా ఏడుస్తూ పోయాం.

ఏనుగు పోయినా బండ్లు తిరిగి రాలేదు. కొత్త దారి అలవాటైపోయింది. ఇక ఎప్పటికీ రావేమోనని నాకు భయం పట్టుకుంది. రాజు పోయినా, రాజ్యం పోయినా ఆగనిది మా కళ్ళ ముందే ఆగిపోవడమా? పొద్దున్నే పోయి మలుపు దగ్గర మొదటి బండికి అడ్డంగా చేతులు చాపి నిలబడ్డాను. బండి తోలే ముసలాయన పగ్గాలు గుంజి పట్టాడు. ఏనుగు వెళ్ళిపోయిందని చెప్పాను.

"పోతే మరి గడ ఎవరికియ్యాలె బిడ్డా?"

"ఏనుగుకే తాతా."

ఆయన నన్ను ఎగాదిగా చూసి, బోసినోటితో నవ్వి, ఎడ్లను మఠం దారికి మళ్ళించాడు. వెనక బండ్లన్నీ ఆయన వెంటే తిరిగాయి. వాటికి ముందు నేను, అచ్చం ఏనుగులాగే ఊగుతూ నడిచాను.