కోళ్లను విందుకు పిలిచిన అవ్వ

నా చిన్నప్పుడు ఎండాకాలం వచ్చిందంటే మా ఇంట్లో మగవాళ్లు ఉండేవారు కాదు. చిట్యాల అవతలి మా ఊళ్లో గడ్డి మాడిపోగానే మా తాత, బాపు గొర్రెల మందను తోలుకుని మేత వెతుక్కుంటూ కృష్ణ ఒడ్డు వైపు పోయేవారు. మళ్లీ తొలకరికే రాక. అప్పటిదాకా ఇంటి వెనక రాతిగోడల దొడ్డి ఖాళీగా ఉండేది. మధ్యాహ్నాలు నేను అందులో కూర్చునేదాన్ని. అక్కడ మిగిలిన గొర్రెల వాసన నాకు బాపు వాసనలాగే ఉండేది.

ఖాళీ అనేది నా మాట. గోడ సందుల నిండా పిడుదులే. పశువుల నెత్తురు తాగే ఆ పురుగులు నెలల తరబడి తిండి లేకున్నా చావవు, మంద ఎప్పుడొస్తుందా అని కాచుకుని ఉంటాయి. ముందటి ఏడు అవి పట్టి, నెత్తురు తక్కువై గొర్రెపిల్లలు చాలావరకు చచ్చిపోయాయి. అందుకే ఈసారి పోయేముందు బాపు గడపలో నిలబడి, "గీయేడు గూడ గొర్రెపిల్లలు సస్తె మంద అమ్మి పట్నం పోత. కూలి చేసుకుంట," అన్నాడు. పట్నం పోయినవాళ్లెవరూ మా వాడకు తిరిగి వచ్చింది లేదు. ఆ ఎండాకాలమంతా నాకదే దిగులు.

మా అవ్వ, అంటే బాపు వాళ్లమ్మ, దిగులు పడుతూ కూర్చునే మనిషి కాదు. మంద వచ్చేలోగా దొడ్లో పిడుదులను కోళ్లతో తినిపించాలనుకుంది. మందు చల్లితే గొర్రెపిల్లలు గోడలు నాకుతాయని ఆమె ఒప్పుకోలేదు. కానీ మాకున్న నాలుగు కోళ్లు ఏ మూలకు? వాడలో ఎక్కువ కోళ్లున్నది పక్కింటి నేతోళ్లకు. ఆ ఇంటి ఇల్లాలిని నేను పెద్దమ్మ అనేదాన్ని. అనేదాన్ని అంటే, మాటలున్న రోజుల్లో. ఒకనాడు వాళ్లు గంజి పెట్టి వీధిలో ఆరేసిన పడుగు నూలు మీదుగా మా పొట్టేలు ఉరికి, నూలంతా తెంపేసింది. మాటా మాటా పెరిగి రెండిళ్లకూ ఉప్పూ నిప్పూ అయింది.

ఒక పొద్దున అవ్వ తలకు పోసుకుని, పెట్టెలోంచి మంచి చీర తీసి కట్టుకుని, ఒక చేత కుంకుమ భరిణె, ఇంకో చేత నన్ను పట్టుకుని బయల్దేరింది. అచ్చంగా పెళ్లి పిలుపులకు పోయినట్టే. ఆ ఇంటి ముందు ఆగి గొంతు సవరించుకుంది. లోపల మగ్గం చప్పుడు ఆగింది. పెద్దమ్మ గడపలోకి వచ్చి నిలబడింది. అవ్వ ఆమె నుదుట బొట్టు పెట్టింది.

"రేపు పొద్దుగాల మా దొడ్ల విందు బిడ్డా. మీ కోళ్లను జర తోల్కరావాలె."

"కోళ్లకు గూడ పిలుపా అత్తా?" పెద్దమ్మ మొహం ఇంకా బిగుసుకునే ఉంది.

"వాటితోని నువ్వు గూడ రావాలె. మీ నూలు తెంపింది మా పొట్టేలే. తప్పు మాదే."

పెద్దమ్మ లోపలికి పోయింది. మేం ఇల్లు చేరేలోగా మగ్గం చప్పుడు మళ్లీ మొదలైంది.

మర్నాడు తెల్లవారుతుండగా అవ్వ నన్ను దొడ్లో నులకమంచం మీద కూర్చోబెట్టింది. మంద వెంట నడవలేక ఇంట్లో ఉండిపోయిన ముసలి గొర్రెను గోడ పక్కన కట్టేసింది. దాని ఊపిరి తగిలితే పిడుదులు బయటికి వస్తాయంది. ఆ మసక వెలుగులో గోడ మెల్లగా కదులుతున్నట్టు కనిపించింది. నిద్రకళ్లకు కలేమో అనుకున్నాను. నిజంగానే సందుల్లోంచి పిడుదులు దిగి వస్తున్నాయి. మా కోళ్లు ఏరుకుంటున్నాయి గానీ, అవి నాలుగే, గోడ చాలా పెద్దది. నేను పక్కింటి వైపే చూస్తూ కూర్చున్నాను.

పెద్దమ్మ వచ్చింది. నెత్తిన గంపలో పెట్టలు, వెనకాల పరుగెత్తుకొస్తున్న పుంజులు. గంప దింపి, "పిలిచినంక రాకుంటె ఎట్ల," అంది. ఆ తర్వాతదంతా నాకు ముక్కలు ముక్కలుగానే గుర్తుంది. ఎర్ర రెక్కలు, నల్ల రెక్కలు, గొర్రె వీపు మీద నడుస్తున్న ఒక పెట్ట, కళ్లు మూసుకుని చెవి వెనక పిడుదును తీయించుకుంటున్న గొర్రె. ఇద్దరు ఆడవాళ్లు ఏదో మెల్లగా చెప్పుకుంటున్నారు. ఆ మాటలు వింటూ నేను మళ్లీ నిద్రపోయాను.

తొలకరి దాకా ఆ విందు సాగింది. పొద్దుగూకకముందే అవ్వ కోళ్లను పంపేసేది, దొడ్లో పండుకుంటే పిడుదులే వాటిని తింటాయని. చివరికి ఇద్దరూ కలిసి మట్టీ పేడా పిసికి గోడ సందులన్నీ మెత్తారు.

మంద వచ్చింది. గొర్రెపిల్లలన్నీ బతికాయని చెప్పను గానీ, చాలా బతికాయి. బాపు రోజూ వాటి చెవుల వెనక వేళ్లు పెట్టి వెతికేవాడు. ఒకరోజు ఉండబట్టలేక, "అమ్మా, ఏం మందు కొట్టినవే?" అని అడిగాడు.

"మందు గాదు బిడ్డా. చుట్టాలొచ్చి పోయిండ్రు."

బాపు నవ్వాడు. పట్నం మాట మళ్లీ ఎత్తలేదు. నేను దొడ్డి వెనక్కి పోయి సంతోషంతో ఏడ్చాను.

నాకో అనుమానం మిగిలింది. "గింజలేస్తె వస్తయి గద అవ్వా, కోళ్లకేం తెలుస్తది పిలుపు?" అన్నాను.

అవ్వ నా జడ అల్లుతూ, "కోళ్లకు తెల్వది. కోళ్లు గలామెకు తెలుస్తది," అంది.

తెలంగాణ వచ్చాక మా ఊళ్లో దొడ్లకు సిమెంటు గోడలు లేచాయి. ఫోను చేస్తే పశువుల డాక్టరు వస్తాడు. నేనూ అవ్వ వయసుకు వచ్చాను. ఎవరితోనైనా మాటలు ఆగిపోయినప్పుడు మా మనవళ్లు ఫోనులో మాట్లాడమంటారు. నేను నడిచే పోతాను. దారిలో కోపం కొంత అరుగుతుంది. వాళ్ల ఇంటి ముందు నిలబడ్డాక ఏమనాలో నాకు ఇప్పటికీ తోచదు. అయినా తలుపు తట్టి, ముందు నేనే నోరు తెరుస్తాను.