మూత తియ్యని వార్నిష్ డబ్బా

రాష్ట్రం ఇంకా ఒకటిగా ఉన్న రోజులు. ఉప్పల్లో మూడు రోజుల ప్రదర్శనకు ఆర్కిటెక్టుగా నేను గీసిన చెక్క మంటపాన్ని చూసుకోవడానికి విశాఖ నుంచి వెళ్లాను. నాచారం వడ్రంగి సత్తయ్య, ఫ్యాక్టరీలకు మెషిన్లు వచ్చిన పెట్టెల చెక్కతో దాన్ని అప్పటికే నిలబెట్టేశాడు. పైన మాత్రం నేరేడు కొమ్మలు కప్పి ఉన్నాయి. నా బొమ్మలో అవి లేవు. ఒళ్లు మండింది.

“ఇదేంటి సత్తయ్యా? వార్నిష్ కూడా వెయ్యలేదే!” అన్నాను, వెంట తెచ్చిన డబ్బా చూపిస్తూ.

“మా దిక్కు పెండ్లి పందిరికి పచ్చి నేరేడు కొమ్మలే కప్పుతం సార్. మూడొద్దులుండేదానికి వార్నిష్ ఎందుకు? చెక్క వాసన సచ్చిపోతది. జర చెప్పులిడిసి, కండ్లు మూసుకొని లోపటికి నడువుండ్రి.”

నడిచాను. ఎండకు కాగిన చెక్క వాసన, దాని మీద పచ్చి ఆకు వాసన. చేతికి తగులుతున్న చెక్క గోడ మొదట గరుకుగా ఉంది, పోనుపోను నున్నబడింది. ఉన్నట్టుండి పాదాల కింద చెక్క మద్దెలలా మోగింది. ఆగిపోయాను.

“గాడనే ఎందుకాగిన్రు సార్?”

“ఇదే నడిమధ్య కదా.”

“కండ్లు మూసుకున్నరు గద, ఎట్ల తెల్సింది?”

కళ్లు తెరిచాను. సరిగ్గా నడిమధ్యలోనే ఉన్నాను. నెల రోజులు కూర్చుని నేను గీసింది కంటి కోసం మాత్రమే.

డబ్బా మూత తియ్యకుండానే వెనక్కి తెచ్చుకున్నాను.