మంచు హాల్లో పెద్దాయన

ఒమాన్‌లో నేను ఒక మాల్‌లోని మంచు హాల్లో పనిచేశాను. బయట ఎండ మాడ్చేస్తుంటే లోపల కోట్లు వేసుకుని డ్యూటీ చేసేవాళ్లం. పిల్లలు ఎక్కి ఫొటోలు దిగడానికి అక్కడొక స్నోమొబైల్, అంటే మంచు మీద నడిచే మోటారు బండి, ఉండేది. ఆ బరువైన బండిని జరపడం మాకు నేర్పింది మాతో పనిచేసే కరీంనగర్ పెద్దాయన.

"లేపకుండ్రి, జరుపుండ్రి. ముందుగాల ఒక దిక్కు, తర్వాత ఇంకో దిక్కు," అంటూ నడుం వంచకుండా మోకాళ్లు వంచి చూపించేవాడు. కింద చెక్క పలక వేసేదాకా ఎవర్నీ చెయ్యి పెట్టనిచ్చేవాడు కాదు.

ఒకరోజు పలకలున్న గది తాళం దొరకలేదు. గెస్టులు వచ్చేస్తున్నారు. "జల్దీ ఉఠావ్!" తొందరగా ఎత్తమని మేనేజర్ అరిచాడు. "అయిదు నిమిషాలు సార్," అని పెద్దాయన బతిమాలాడు. మేనేజర్ నావైపు తిరిగాడు. నేను బండి వెనకవైపు ఎత్తడానికి వంగాను. పెద్దాయన నన్ను ముందువైపుకు నెట్టి, బరువంతా ఉండే వెనకవైపు తను పట్టుకున్నాడు.

బండి కదిలింది గానీ ఆయన మంచులో కూలిపోయాడు. "కాళ్లు తెలుస్తలేవురా," అన్నాడు. కదిలిస్తే ఏమవుతుందోనని ఎవరం ముట్టుకోలేదు. మా కోట్లు విప్పి కప్పాం. అంబులెన్స్ వచ్చేదాకా ఆయన వణుకుతుంటే చూస్తూ నిలబడ్డాం.

నెల తర్వాత వీల్‌చెయిర్‌లో ఇండియాకు పంపించారు. ఇప్పుడు ఫోన్ చేస్తే తన సంగతి చెప్పడు. "నీ నడుం మంచిగున్నదా?" అని అడుగుతాడు.