పదకొండు పాయింట్లతో

మా మామయ్యకు పన్నెండంటే పన్నెండే. బ్రిడ్జి ఆటల ఆసుకు నాలుగు పాయింట్లు, రాజుకు మూడు, రాణికి రెండు, జాకీకి ఒకటి. అన్నీ కలిపి పన్నెండొస్తేనే ఓపెన్ చెయ్యాలె, అంటే పాట మొదలువెట్టాలె, లేకుంటే పాస్ అని ఊకోవాలె. పదకొండుంటే ఎట్ల అని నేనడిగితే, "పదకొండు పన్నెండు కాదు కదమ్మా" అనేటోళ్లు. ఎన్నిసార్లడిగినా గదే మాట.

మాది మొయినాబాద్ పక్కన హిమాయత్‌నగర్, ఆయనది గుంటూరు. ఆయన కొడుకు, నేను ఒక్క ఆఫీసుల కలిసినం, పెండ్లి చేసుకున్నం. సాఫ్ట్‌వేర్ కొలువులు జోరుమీదున్న రోజులు, చేవెళ్ల రోడ్డు మీద ఇల్లు కిరాయికి తీసుకున్నం. అత్తమ్మ పోయినంక మామయ్యను తెచ్చుకున్నం. బ్రిడ్జిల ఆయన జోడీ అత్తమ్మనే. ఇక్కడ జోడీ లేక గేటు దాంక పోవుడు, షేర్ ఆటోలను చూసుడు, మళ్ల వచ్చుడు. చూడలేక నేనే అన్న, నాకు నేర్పుండ్రి అని. మా అవ్వకు తెలిసి, "మామతోని పత్తాలాడే కోడలిని మన ఖాన్‌దాన్‌ల చూడలే" అని నెత్తి కొట్టుకున్నది.

నాకు ముక్కు మీదనే కోపం. ఓడితే పత్తాలు విసిరికొడుతుంటి. ఆయన ఓపిగ్గ ఏరుకొచ్చేటోళ్లు. ఐతారం ఐతారం పక్కింటి రిటైర్డ్ సారు, టీచరమ్మ ఎదురు జోడీగా వచ్చేటోళ్లు.

ఒక శనివారం మామయ్య మెల్లగ చెప్పిండ్రు. "మా తమ్ముడింటికి వెళ్ళిపోతానమ్మా. అక్కడ క్లబ్బులో జోడీ దొరుకుతారు. ఆఫీసు నుంచి అలసిపోయి వస్తావు, మళ్ళీ నా గోల నీకెందుకు?" సోమవారానికి బస్సు టికెట్ గూడ తీసుకున్నరు, ఎవ్వలికి చెప్పకుండ. నా మనసు చివుక్కుమన్నది.

ఐతారం ఆట నడిచింది గని ఎవ్వలకు హుషారు లేదు. టీచరమ్మ పంచి పాసన్నది. మామయ్య పాస్. సారు పాస్. నా చేతుల అయిదు ఇస్పేట్లున్నయి, పాయింట్లు పదకొండే. నలుగురూ పాసంటే పత్తాలు డబ్బాల పెట్టి టీ తాగుడు మా ఇంటి రివాజు. ఇయ్యాల టీ అయితే ఆయన పోయి పెట్టె సర్దుకుంటరు.

"ఎవరికీ ఏం లేనట్టున్నది, టీ తాగుదామా?" అన్నడు సారు.

"ఒక ఇస్పేట్" అన్న.

మామయ్య నా దిక్కు చూసి, ఏకంగ "నాలుగు ఇస్పేట్లు" అన్నరు. ఇస్పేట్ ముందుగల్ల అన్నది నేను, ఆట నాదే; జోడీ ముక్కలు అందరికి కనపడాలె గనక ఆయన బల్ల మీద పరిచిండ్రు. పాయింట్లు ఎంచిన. పదమూడు!

"ఇదేంది మామయ్యా? పదమూడు పెట్టుకొని పాసన్నరా?"

"నేను ఓపెన్ చేస్తే నువ్వు జవాబు చెప్పాలి. తప్పు చెబితే నలుగురిలో నొచ్చుకుంటావేమోనని... వెళ్ళేముందు నిన్ను బాధపెట్టడం ఎందుకని ఊరుకున్నాను."

కోపం, ఏడుపు ఒక్కసారే వచ్చినయి. "నావి పదకొండే. ఆట అయిపోతే మీరు పోతరని ఓపెన్ చేసిన" అన్న.

సారు, టీచరమ్మ తల వంచుకొని వాళ్ల ముక్కలు చూసుకుంటున్నరు. నాకు కండ్లల్ల నీళ్లు, ఇస్పేటేదో కళావరేదో ఆనుతలేదు. గెలిచే ఆట ఓడగొట్టిన.

వేరే రోజైతే నా తప్పులు ఒక్కొక్కటి ఎంచేటోళ్లు. ఆ పొద్దు పత్తాలన్నీ దగ్గరికి తీసుకున్నరు. తర్వాత పంచే వంతు ఆయనదే. పత్తాలు కలుపుకుంట, "అమ్మాయ్, పదకొండుతో ఎప్పుడు ఓపెన్ చేయొచ్చో రేపు చెప్తాను" అన్నరు.

రేపు సోమవారం. టికెట్ సంగతి నేను ఆయనకు యాది చెయ్యలే.