గ్రీసు నౌకాదళంలో మా పెద్దత్తయ్య

మొన్న మా ఆవిడ సీమంతం ఆగిపోయినంత పనైందండీ. ఎవరివల్ల అనుకుంటున్నారు? గ్రీసు నౌకాదళం వల్ల! నవ్వుదురుగాని, ముందు వినండి. తప్పు నాదే, పూర్తిగా నాదే.

నాకు కంప్యూటర్ గేముల పిచ్చి ఉందని మీకు తెలుసుగా. ఇదో రకం గేమ్. చరిత్రలో జరిగింది జరిగినట్టు కాకుండా మనకి నచ్చినట్టు నడుపుకోవచ్చు. ఒక్కొక్కరూ ఒక్కో దేశం తీసుకోవాలి. నాకు గ్రీసు, గుడివాడలో ఉండే నా ఫ్రెండ్ కిశోర్‌కి టర్కీ. ఆన్‌లైన్‌లో రాత్రీపగలూ నడుస్తూనే ఉంటుంది, మనం స్నానానికి వెళ్లినా ఆగదు. అసలు చరిత్రలో గ్రీసు సంగతి ఏమోగానీ, నా గ్రీసు మాత్రం సముద్రాన్ని ఏలాల్సిందే! రేవు రేవుకీ షిప్‌యార్డ్ కట్టించా. కాస్త ఉక్కు దొరికితే చాలు, ఇంకో ఓడ.

చిక్కంతా పేర్లతో వచ్చింది. గేమ్ వాడిచ్చే గ్రీకు పేర్లకి నా నోరు తిరగదు. ఏ ఓడ ఎక్కడుందో గుర్తుండి చావదు. అప్పుడు తట్టింది నాకో బ్రహ్మాండమైన ఐడియా. మా అత్తగారి వైపు వాళ్ల పేర్లు పెట్టేస్తే పోలా? వాళ్ల స్వభావాలు నాకు బాగా తెలుసు కదా!

చెప్పాపెట్టకుండా మాయమై ఎక్కడో తేలే మా మామగారి పేరు సబ్‌మెరీన్‌కి పెట్టా. పామర్రులో ఉండే మా అత్తగారు రాజ్యలక్ష్మి గారి పేరు బ్యాటిల్‌షిప్‌కి. అది అన్నిటికన్నా పెద్ద ఓడ, అది కదిలితే మిగతావన్నీ కదలాలి. ఆవిడ అక్కగారు, ఉయ్యూరు పెద్దత్తయ్య సీతారత్నం గారి పేరు డిస్ట్రాయర్‌కి. చిన్నదైనా మహా చురుకు, ఏ ఆపదొచ్చినా ముందు పరిగెత్తేది అదే. పెద్దత్తయ్యా అంతే! హెడ్‌మిస్ట్రెస్‌గా రిటైరైనా ఇప్పటికీ ఆవిడ నడకని మనం అందుకోలేం. మా ఆవిడ శ్రావ్యని చిన్నప్పుడు తన దగ్గరుంచుకుని చదివించింది కూడా ఆవిడే. గౌరవంతోనే పెట్టానండీ, ఒట్టు!

సీమంతం ఇంకో వారం ఉందనగా అక్కాచెల్లెళ్లిద్దరూ వన్‌టౌన్‌లో గాజులు కొనుక్కుని మా ఇంటికొచ్చారు. హాల్లో లాప్‌టాప్ టీవీకి తగిలించి ఉంది. టీవీ నిండా సముద్రం, సముద్రం నిండా ఓడలు, ఓడల కింద పేర్లు. పెద్దత్తయ్య కళ్లజోడు సవరించుకుంది.

"బాబూ, ఈ సీతారత్నం అంటే నేనేనా?"

"మీరేనండీ!" అన్నాను, బహుమతి వచ్చిన పిల్లాడిలా.

"అబ్బో! మరి రాజ్యం?"

"ఇదిగోండి, ఈ బ్యాటిల్‌షిప్. ఫ్లాగ్‌షిప్ అంటారు. మొత్తం నౌకాదళానికి ఇదే పెద్ద దిక్కు!"

మా అత్తగారు పమిట సర్దుకుని సోఫాలో నిటారుగా కూర్చున్నారు. అప్పుడైనా నేను నోరు మూసుకోవాలా వద్దా?

"నాది చిన్నగా ఉందేం?"

"డిస్ట్రాయర్ అండీ. చిన్నదే ఉంటుంది."

"దాని పనేంటి?"

"పెద్ద ఓడకి కాపలా అండీ. శత్రువులు నీళ్లలోంచి వదిలే బాంబు, టార్పెడో, వచ్చిందనుకోండి, ఇది అడ్డం వెళ్లి..."

"అడ్డం వెళ్లి?"

"మునిగిపోతుందండీ. పెద్ద ఓడ మాత్రం సేఫ్!"

మా అత్తగారు ఊరుకోవచ్చుగా? "పోనీలే అక్కా, ఆటేగా" అన్నారు, పెదవి చివర చిన్న నవ్వుతో. ఆ నవ్వు కొంప ముంచింది.

"చిన్నప్పట్నుంచీ అంతేలేవే! అక్క మునిగినా పరవాలేదు, నువ్వు తడవకూడదు" అంటూ లేచింది పెద్దత్తయ్య. గాజుల సంచీ టీపాయ్ మీద పెట్టేసి నావైపు తిరిగింది. "అల్లుడుగారూ, సీమంతంలో ముందుగా గాజులు మీ ఫ్లాగ్‌షిప్ చేత తొడిగించండి. మేం చిన్నవాళ్లం."

'బాబూ' పోయి 'అల్లుడుగారూ' వచ్చిందంటే ఇంక అంతే సంగతులు. ఆవిడ ఉయ్యూరు బస్సెక్కేసింది. మా అమ్మ కాఫీ ట్రేతో వంటింటి గుమ్మంలో నిలబడి అంతా చూసింది. ఒక్క మాటా అనలేదు.

శ్రావ్య మాత్రం అంది. బోలెడు అంది. చివరికి కళ్లనీళ్లు పెట్టుకుంది. "పెద్దమ్మ రాకపోతే నేను పీట మీద కూర్చోను. మొదటి గాజు ఆవిడే తొడగాలి. మీరేం చేస్తారో నాకు తెలీదు." తొమ్మిదో నెల దగ్గరపడుతున్న మనిషి నా ఆట మూలంగా ఏడుస్తుంటే ప్రాణం ఉసూరుమందండీ.

ఫోన్ చేస్తే పెద్దత్తయ్య ఎత్తదు. పేర్లు అటూ ఇటూ మార్చేద్దామంటే మా అత్తగారు అప్పటికే తన ఓడ ఫొటో పామర్రులో వీధంతా చూపించేశారు! ఇంక ఒక్కటే దారి. బ్యాటిల్‌షిప్‌ని మించిన బ్యాటిల్‌షిప్ కట్టాలి.

కట్టానండీ. దేశంలో ఉన్న ఉక్కంతా దానికే. తుపాకులు బంద్, ట్యాంకులు బంద్, సరిహద్దులో సైనికులకి బూట్లు కూడా బంద్. ఆఫీసు మీటింగుల మధ్య కట్టా, అన్నం తింటూ కట్టా. ఇదంతా చూసి అవతల కిశోర్ ఊరుకుంటాడా? "ఏరా, బోర్డర్‌లో ఎవరూ లేరేంటి?" అని మెసేజ్ పెట్టి మరీ దండెత్తాడు.

శనివారం పొద్దున్నే ఓడ పూర్తయింది. మర్నాడే సీమంతం. లాప్‌టాప్ బ్యాగులో పెట్టుకుని, బందరు రోడ్డు మీద చెరుకు ట్రాక్టర్ల వెనకాల బండి తోలుకుంటూ ఉయ్యూరు వెళ్లా. పెద్దత్తయ్య తలుపు తీసింది. "రండి" అంది. ఇంకా ఆ 'మీరు' పోలేదు!

డైనింగ్ టేబుల్ మీద లాప్‌టాప్ తెరిచా. "పెద్దత్తయ్యా, ఇదిగోండి. దీన్ని మించిన ఓడ ఆ సముద్రంలోనే లేదు. పేరు చూడండి."

చూసింది. మెల్లగా కుర్చీ లాక్కుని కూర్చుంది.

"రాజ్యం దానికన్నా పెద్దదా?"

"రాజ్యం అత్తయ్య ఓడే దీనికి కాపలా అండీ ఇప్పుడు."

"అంటే టార్పెడో వస్తే?"

"ఆవిడే అడ్డం వెళ్తారు."

ఆవిడ మొహం విచ్చుకుంది చూడండి! "కూర్చో బాబూ, కాఫీ తాగుదువుగాని" అంది. అమ్మయ్య అనుకుని ఆవిడ ఎదురుగానే నొక్కుదామని ఆపిన, ఓడని సముద్రంలోకి దింపే బటన్ మీదికి వేలు పోనిచ్చా. అప్పటికే కిశోర్ సైన్యం ఏథెన్స్ పొలిమేరల్లో ఉంది. ఈ ఓడ ఫిరంగులు పేలితేనే రాజధాని నిలుస్తుంది.

"ఆగాగు! టైమెంత? రాహుకాలంలో ఓడ దింపుతావా? నా పేరు పెట్టి?"

"పెద్దత్తయ్యా, శత్రువులు వచ్చేశారండీ..."

"వస్తే రానీ. శనివారం పదిన్నర దాటాలి."

ఇడ్లీ పెట్టింది, తిన్నా. తెర మీద ఊళ్లు ఒక్కొక్కటే పోతున్నాయి. చట్నీ బాగుందా అనడిగింది, బాగుందన్నా. పక్క రేవు పోయింది. ఇంకో ఇడ్లీ వేసింది. పదిన్నర దాటాక లాప్‌టాప్‌కి కుంకుమ బొట్టు పెట్టి, అగరొత్తి వెలిగించి, గుమ్మం ముందు కొబ్బరికాయ కొట్టొచ్చి, "ఊఁ, ఇప్పుడు నొక్కు" అంది.

నొక్కా. మహా వైభవంగా ఓడ సముద్రంలోకి దిగింది. దాని మీదుగా తెరంతా నల్లబడి పెద్ద అక్షరాలు వచ్చాయి, గ్రీసు లొంగిపోయింది అని!

పెద్దత్తయ్య చదివింది. నా భుజం తట్టింది. "దేశం పోతే పోయిందిలే బాబూ, ఓడ మాత్రం లక్షణంగా ఉంది."

మర్నాడు అందరికన్నా ముందొచ్చి శ్రావ్యకి మొదటి గాజు తొడిగింది ఆవిడే. పెద్దమ్మని వాటేసుకుని శ్రావ్య మళ్లీ ఏడ్చింది, ఈసారి సంతోషంతో. వచ్చిన ముత్తైదువలందరికీ పెద్దత్తయ్య తన ఓడ గురించి చెప్తుంటే, మా అత్తగారు కాపలా సంగతి తెలీక తల ఊపుతూ విన్నారు. మీరు మాత్రం చెప్పకండి.

అంతా సర్దుమణిగాక తాంబూలం పళ్లెం పట్టుకుని మా అమ్మ నా పక్కకొచ్చి నిలబడింది.

"మరి నా పేరు ఏ ఓడకి పెట్టావురా?"

అందర్నీ గుర్తుపెట్టుకున్నా, కన్నతల్లినే... "అమ్మా, నిన్ననే... దేశం పోయింది."

"ఇంకో దేశం తీసుకో" అని పళ్లెంతో వెళ్లిపోయింది.

తీసుకున్నా. ఇప్పుడు నేపాల్ ఆడుతున్నానండీ. సముద్రం లేదు, ఓడల గొడవ లేదు. కాకపోతే నిన్న అమ్మ వచ్చి తెరలోకి తొంగి చూసింది. "అన్నిటికన్నా ఎత్తైన కొండ ఏదిరా?" అనడిగింది.